పేరు పిలిస్తే వినబడాలి



మా గ్రామము గుంటూరు, ప్రకాశం జిల్లాల నడుమ నల్లరేగడి నేలలో ఉన్నది. 2022లో జిల్లాలు విడిపోయి పేర్లు మారినా మా నోటికి ఇంకా ఆ పాత రెండు పేర్లే వస్తాయి. సంక్రాంతి దాటిందంటే మా పొలాలు ఒకవైపు తెల్లగా, ఒకవైపు ఎర్రగా కనబడతాయి. తెలుపు పత్తిది, ఎరుపు మిరపది. ఆ రోజులలో ఆదివారం ఆరాధనకు స్త్రీలు వస్తే వారి చీరలతోపాటు మిరప ఘాటు కూడా మందిరములోనికి వస్తుంది. ప్రసంగము మధ్యలో ఎవరో ఒకరు తుమ్ముతారు. ఒక్కొక్కసారి మేమును తుమ్ముతాము.

మా మందిరానికి నూరేళ్లు నిండబోవుచున్నవి. ఈ ఊరిలో పుట్టి, పరదేశములో ఉద్యోగము చేయుచున్న ఒక తమ్ముడు మొన్న ఫోను చేసి, "అయ్యగారూ, మందిరము గోడకు ఒక పెద్ద టచ్‌స్క్రీన్ పెట్టిద్దాము. మన సంఘములోనుండి పైకొచ్చిన వారందరి ఫొటోలు, వివరాలు అందులో ఉండాలి. పిల్లలు వేలితో తాకితే తెరుచుకోవాలి. ఖర్చు నాది" అన్నాడు. సంఘ పెద్దలు సంతోషించి వారములోనే పట్టిక సిద్ధము చేశారు. డాక్టర్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, పోలీసు శాఖలో ఉన్నవారు, అమెరికా వెళ్లినవారు అందులో ఉన్నారు. అందరూ అర్హులే. అయినా ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కారణము చెప్పుటకు సిగ్గుగా ఉన్నది గాని చెప్పక తప్పదు.

కొన్నేండ్ల క్రితము మందిరానికి వరండా కట్టినప్పుడు, పదివేలు ఆపైన ఇచ్చినవారి పేర్లు నల్లరాతి పలకపై చెక్కించాము. ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత మిరప కోతలకు వెళ్లే ఒక పెద్దమ్మ ఆ రాతి దగ్గర నిలబడి అక్షరాల మీద వేలు ఆడిస్తూ, "ఇందులో నా పేరు ఎక్కడుంది అయ్యగారూ?" అని అడిగింది. ఆమె తన ముక్కుపుడక ఇచ్చింది. కూలి తీసుకోకుండా ఎన్నో రోజులు ఇసుక మోసింది. ఆమె పేరు అందులో లేదు. ఆమెకు చదువు రాదు. మేము ఏమి చెప్పాలో తోచక, "ఇదిగో అమ్మా, ఇక్కడ ఉంది" అని ఒక వరుస చూపించాము. ఆమె ఆ వరుసను తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. ఆమె తాకినది వేరొకరి పేరు. రెండేండ్లకు ఆమె ప్రభువునందు నిద్రించింది. ఆ అబద్ధము చెప్పినది సంఘ కాపరియైన మేమే.

ఇప్పుడు రాయి పోయి అద్దము వస్తున్నది. అదే తప్పు ఇంకా పెద్దగా చేస్తామేమో అని భయము కలిగింది. అందుచేత తెరకు ఆర్డరు ఇవ్వకముందే, మన ప్రాంతములో పేర్లు ఎలా నిలిచాయో, ఎలా పోయాయో రెండు రోజులు తిరిగి చూచి వద్దామని అనుకున్నాము. ఫిబ్రవరి నెలలో ఒక వ్యాను మాట్లాడుకుని అయిదుగురము బయలుదేరాము. మాతోపాటు రిటైరైన మాస్టారొకరు, చిన్నతనములో పోలియో వచ్చి చక్రాల కుర్చీలో తిరిగే తమ్ముడొకడు, కీర్తనలెత్తే చూపులేని పెద్దయ్య, స్త్రీల సమాజము అధ్యక్షురాలు. ఈ అమ్మకు ఇప్పటికీ పత్తి తీత, మిరప కోతే జీవనము.

అమరావతి రాళ్లు

చిలకలూరిపేట దాటి గణపవరం నూలు మిల్లుల ప్రక్కనుండి గుంటూరు చేరుసరికి మిర్చి యార్డు వైపు టిక్కీల లారీలు బారులు తీరి ఉన్నాయి. అధ్యక్షురాలమ్మ లారీల మీది బస్తాలు చూచి, "వీటిలో మా చేతులు కోసినవి ఎన్నుంటాయో" అన్నది. టిక్కీ మీద రైతు గుర్తు, కొట్టు గుర్తు ఉంటాయి గాని కోసినవారి గుర్తు ఉండదు కదా అని మాస్టారు అన్నారు.

అక్కడినుండి కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతికి వెళ్లాము. క్రైస్తవ సేవకులకు బౌద్ధ స్తూపముతో ఏమి పని అని కొందరు అడుగవచ్చు. పేర్లు వ్రాయడములో ఆ స్తూపము మనకొక పాఠము చెప్పుచున్నది. అక్కడి మహాచైత్యము ఒక్క రాజు ఇచ్చిన ధనముతో లేచినది కాదు. వర్తకులు, ఇల్లాళ్లు, భిక్షుణులు, చేతివృత్తులవారు ఒక్కొక్క పలక, ఒక్కొక్క స్తంభము ఇచ్చి తమ పేర్లు చెక్కించుకున్నారు. వారిలో విధికుడు అనే చర్మకారుడు ఒకడు. తోలుపని చేసే ఆ మనిషి పూర్ణకుంభము చెక్కిన పలకను ఇచ్చి, తన తండ్రి పేరుతోపాటు తల్లిని, భార్యను, సోదరులను, కొడుకును, కుమార్తెలను, బంధుమిత్రులను కూడా ఆ దానములో కలిపి వ్రాయించాడు. సుమారు 1800 ఏండ్ల క్రిందటి మాట ఇది. తోలుపని చేసేవారిని ఊరి వెలుపల ఉంచిన తరములను మనము ఎరుగుదుము. అట్టి నేల మీద ఒక చర్మకారుని పేరు రాజుల పేర్లతో సమానముగా రాతిలో నిలిచింది.

కాని ఆ పేరు మా ఊరిలో ఎవరికి తెలుసు? అది ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్నది. అక్కడి శిల్పాలలో అనేకము చెన్నైకి, లండనుకు తరలిపోయాయి. మాస్టారు ఇదంతా చెప్పుచుండగా మా పెద్దయ్య నెమ్మదిగా, "చదివి వినిపించేవాడు లేకపోతే రాయి కూడా మూగదే అయ్యగారూ. మీకు బ్రాహ్మీ ఎంతో నాకు తెలుగు అక్షరమూ అంతే" అన్నాడు. మాకు వెంటనే మా ఊరి పెద్దమ్మ వేలు గుర్తుకు వచ్చింది. పేరు చెక్కించితే సగము పనే అయినట్లు. ఆ పేరు ఎవరిదో వారికి, వారి పిల్లలకు అందితేనే మిగతా సగము పూర్తియగును.

అద్దము ముందు అయిదుగురము

సాయంత్రము గుంటూరు తిరిగి వచ్చాము. దారిలో కుగ్లర్ ఆసుపత్రి ప్రస్తావన వచ్చింది. డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు 1883లో గుంటూరు వచ్చారు. ఆమె పనిచేసిన స్త్రీల ఆసుపత్రి 1898లో తెరువబడింది. అక్షరము రాని మా పల్లె తల్లులు కూడా "కుగ్లరాసుపత్రిలో పుట్టాడు" అని తమ బిడ్డల సంగతి చెప్పుకుంటారు. ఆ పేరు జనుల నోట బ్రదికి ఉన్నది.

తరువాత టచ్‌స్క్రీన్లు అమ్మే ఒక దుకాణానికి వెళ్లాము. వారు మర్యాదగా ఒక పెద్ద తెర వెలిగించి చూపించారు. రంగులు, బొమ్మలు కన్నులపండువగా ఉన్నవి. అయితే మా అయిదుగురిలో దాన్ని సుళువుగా వాడగలిగినది మాస్టారూ మేమూ మాత్రమే.

చక్రాల కుర్చీలో ఉన్న తమ్ముడికి క్రింది సగమే అందింది. ముఖ్యమైన గుర్తులన్నీ పైన ఉన్నాయి. కుర్చీ దగ్గరకు జరుపుదామంటే తెర క్రింద బల్ల అడ్డము వచ్చి మోకాళ్లు తగిలాయి. పెద్దయ్య అరచేయి తెరమీద పెట్టగానే ఏవేవో తెరుచుకున్నాయి. "అంతా నున్నగానే ఉంది. ఎక్కడ ఏముందో నాకెట్లా తెలుస్తుంది?" అన్నాడు. అధ్యక్షురాలమ్మ చూపుడువేలితో ఒకసారి తాకింది, రెండుసార్లు తాకింది, తెర పలుకలేదు. మూడవసారి గట్టిగా ఒత్తితే పలికింది. ఆమె చేయి వెనక్కు తీసుకుని, "రేషను డిపోలో మా వేలిముద్ర పడదు, ఇక్కడ మా వేలే పడడం లేదు" అని నవ్వింది. మాకు మాత్రము నవ్వు రాలేదు.

అక్కడి కుర్రవాడు కారణము ఓపికగా చెప్పాడు. వేలిముద్ర యంత్రము వేలి గీతలను చూస్తుంది. మిరప తొడిమలు తీసి, పత్తి కాయలు గీరుకుని, గీతలు అరిగిన వేళ్లను అది పోల్చుకోలేదు. ఈ అద్దము గీతలను చూడదు. దానిమీద సన్నని విద్యుత్తు పరచి ఉంటుంది. తేమగల వేలు తాకితే ఆ విద్యుత్తులో కలిగే మార్పును అది గ్రహిస్తుంది. కాయకాసి ఎండిన చర్మము తాకితే ఆ మార్పు స్వల్పముగా ఉంటుంది. సెల్‌ఫోన్లు ఈ రకమే. మరొక రకము ఉన్నది. తెర చుట్టూ చట్రములో కంటికి కనబడని పరారుణ కిరణాలు అడ్డముగా నిలువుగా పోతుంటాయి. ఏ వస్తువు అడ్డుపడినా చాలు, అది పలుకుతుంది. కాయకాసిన వేలైనా, చేతికర్రైనా, వ్యాధివలన వేళ్లు పోగొట్టుకొన్నవారి చేయైనా దానికి ఒక్కటే. ధూళి పడితే తరచుగా తుడవాలి, అంతే. ఆ రకమే తీసుకోవాలని అక్కడే నిర్ణయించాము.

పెద్దయ్య సంగతి మాత్రము మిగిలింది. అప్పుడు మాస్టారు ఎన్నికల డ్యూటీలు జ్ఞాపకము చేసుకున్నారు. ఓటింగు యంత్రము మీద చూపులేనివారి కొరకు బ్రెయిలీ అంకెలు ఉంటాయి. దానిని తొలిసారి ప్రయోగించి చూచినది మన తెలుగు నేల మీదనే, 2004లో ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. 2009 సార్వత్రిక ఎన్నికల నాటికి అది దేశమంతటా వచ్చింది. ఇంత పెద్ద దేశము ఓటు దగ్గర చూపులేని మనిషిని తలంచుకొనగలిగినప్పుడు, దేవుని మందిరములో మనము తలంచుకొనలేమా? 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. 2016 చట్టము 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రజలు వచ్చే భవనాలు వారికి అందుబాటులో ఉండాలని చెప్పుచున్నది.

గుండ్లకమ్మ లెక్క

రెండవ దినము ఒంగోలు ప్రయాణము. మార్టూరు, మేదరమెట్ల దాటి గుండ్లకమ్మ వంతెన దగ్గర వ్యాను ఆపించాము. ఈ యేటి ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. 1876 నుండి 1878 వరకు భయంకరమైన కరవు. ఆ కాలములో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకము పని గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. కూడు కొరకు మతము పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరవు తీవ్రముగా ఉన్నన్నాళ్లు ఆయన బాప్తిస్మములు ఆపి ఉంచారు. తరువాత ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలిచి ఆ దినమంతా బాప్తిస్మములిచ్చారు.

2,222 అన్న అంకె మా సండే స్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. వంతెన మీద నిలిచి మేము మావాళ్లను అడిగాము, "వారిలో ఒక్కరి పేరు చెప్పండి." ఎవరూ చెప్పలేదు. మేమును చెప్పలేకపోయాము. మాలో కొందరి ముత్తాతలు ఆ నీటిలో దిగినవారే అయి ఉండవచ్చు.

అక్కడినుండి ఒంగోలులో ప్రార్థన కొండకు వెళ్లాము. 1854 జనవరి 1న తెల్లవారుజామున అయిదుగురు ఇక్కడ మోకాళ్లూనారు. లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. చివరి ముగ్గురూ మన తెలుగువారు. వారి పేర్లు నూటడెబ్బై ఏండ్లు దాటినా పోలేదు, ఎందుకంటే ఆ దినమును చెప్పిన ప్రతివారు అయిదు పేర్లూ చెప్పుచూ వచ్చారు. అలాగే 1866లో బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్యను చెప్పినప్పుడెల్లా ఆయన భార్య నాగమ్మను కూడా చెప్పుకుంటాము. పేరయ్య కూడా తోలుపని చేసే కులములో పుట్టినవాడే. అమరావతి విధికుడు మాకు మరల జ్ఞప్తికి వచ్చాడు.

చక్రాల కుర్చీ తమ్ముడు కొండ క్రిందనే ఉంటానన్నాడు. మేము పైకి వెళ్లగానే ఫోను చేసి, "ఆ అయిదు పేర్లు చదవండి అయ్యగారూ, నేనూ ఇక్కడనుండి ప్రార్థన చేసుకుంటాను" అన్నాడు. మేము చదివాము. అతడు ఒక్కొక్క పేరుకు "ఊఁ" అన్నాడు.

దిగి వచ్చేటప్పుడు చీమకుర్తి వైపునుండి నల్లరాతి దిమ్మెలతో లారీలు ఎదురైనవి. చుక్కలవలె మెరిసే ఆ గెలాక్సీ రాయి మన జిల్లానుండి దేశదేశాలకు వెళ్లుచున్నది. మా వరండాలోని పలకకు కూడా నల్లరాయే వాడించాము. రాయి మంచిదే. దానిలో చోటు తక్కువ. చోటు తక్కువైనచోట పెద్ద మొత్తములే ముందు కూర్చుంటాయి. ఈ తెరలో ఆ సాకు చెప్పుటకు వీలులేదు. ఎన్ని వందల పేర్లైనా పట్టును. ఇక ఎవరినైనా విడిచిపెట్టితే అది స్థలాభావము వలన కాదు, మన హృదయము వలననే.

మేము చేసుకున్న ఏర్పాటు

ఇల్లు చేరిన వారములో సంఘ పెద్దలతో కూర్చుని పాత పట్టికను మరల తెరిచాము. మీ సంఘములలో ఇట్టి ఆలోచన ఉన్నవారికి ఉపయోగపడునని ఆ ఏర్పాటును వ్రాయుచున్నాము.

మొదట మెట్ల సంగతి. మా మందిరానికి మూడు మెట్లు, ఒకటిన్నర అడుగు ఎత్తు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలు కట్టాలి గనుక మాకు పద్దెనిమిది అడుగుల వాలుబాట కావలెను. తెర కంటె ముందు అది కట్టాలి. లోనికి రాలేనివానికి తెరలో తన పేరున్నా ఏమి లాభము?

తెరలో తాకవలసిన గుర్తులు నేలనుండి నాలుగు అడుగులకు మించి ఎత్తున ఉండవు. క్రింద మోకాళ్లు దూరేటట్లు సుమారు 70 సెంటీమీటర్ల ఖాళీ, ముందు కుర్చీ తిరుగుటకు అయిదడుగుల చోటు ఉంచుతాము. అక్షరాలు తెలుగులో పెద్దవిగా, నల్లనివి తెల్లని నేపథ్యము మీద ఉంటాయి. కిటికీ వెలుగు తెరమీద పడి మెరవకుండా ఉత్తరపు గోడ ఎంచుకున్నాము.

తెర క్రింద అయిదు నిజమైన మీటలు పెట్టిస్తాము. వాటి మీద చేతికి తగిలే ఉబ్బెత్తు గుర్తులు, బ్రెయిలీ అక్షరాలు ఉంటాయి. మీట నొక్కితే పేరు, ఆ మనిషి చేసిన పని ఒక నిమిషము మాటలో వినబడుతుంది. ఆ మాటలు పట్టణపు గొంతుతో కాక, వారి పిల్లల గొంతుతోగాని, ఇరుగుపొరుగువారి గొంతుతోగాని రికార్డు చేస్తాము. వినికిడి లేనివారికి ఆ మాటలే తెరమీద అక్షరాలుగా కనబడతాయి. కరెంటు పోవుట మనకు కొత్త కాదు గనుక ఇన్వర్టరు, దానితోపాటు అవే వివరాలతో అచ్చువేసిన పుస్తకము ఒకటి అక్కడే ఉంచుతాము.

అన్నిటికంటె కష్టమైనది పట్టిక. సాధించినవారు ఎవరు? డిగ్రీ ఉన్నవారే అయితే పని తేలిక. నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము తెరచి చూచాము. యెరూషలేము గోడ ఎవరెవరు ఏయే భాగము కట్టారో పేరుపేరున అందులో ఉన్నది. బంగారపు పనివారున్నారు, సుగంధద్రవ్యములు చేయువారున్నారు, షల్లూముతోకూడ అతని కుమార్తెలును ఉన్నారు. పనికి భుజమియ్యని గొప్పవారి సంగతి కూడా అందులో దాచలేదు. ఆ లెక్కనుబట్టి మా పట్టిక మారింది. డాక్టర్లు, ఇంజనీర్లు ఉన్నారు. వారితోపాటు అర్ధరాత్రి ఎవరు పిలిచినా లేచివెళ్లిన మంత్రసాని ఉన్నది. పత్తి తీసిన కూలితో ముగ్గురు పిల్లలను చదివించిన తల్లి ఉన్నది. మా ఊరిలో పదవ తరగతి పాసైన మొదటి ఆడపిల్ల ఉన్నది. వంట బియ్యములోనుండి పూటకొక పిడికెడు తీసిపెట్టి మొదటి మందిరానికి పైకప్పు వేయించిన స్త్రీలలో, పెద్దలకు జ్ఞాపకమున్నంతవరకు, అందరూ ఉన్నారు. పేర్లు అక్షరక్రమములోనే ఉంటాయి. ఇచ్చిన మొత్తము ఎవరి ప్రక్కనా ఉండదు. కుటుంబమువారి అనుమతి లేకుండా ఏ ఫొటో పెట్టము. ఒక కుటుంబము తమ తండ్రి పేరు వద్దన్నది. ఆ మాటను గౌరవించాము. ప్రతి యేట కోతకాలపు కృతజ్ఞతా పండుగనాడు విడిచిపోయినవారిని చేర్చుతాము.

పరదేశములో ఉన్న తమ్ముడికి ఫోనులో ఇదంతా చెప్పి, ఖర్చు కొంత పెరుగుతుందని అన్నాము. అతడు కొంచెముసేపు మౌనముగా ఉండి, "పిడికెడు బియ్యము తీసినవారిలో మా నాయనమ్మ పేరుందా అయ్యగారూ?" అని అడిగాడు. ఉన్నదని చెప్పాము. ఈసారి అది నిజమే.

చివరి మాట. మేము ఆ పెద్దమ్మ కుమార్తె ఇంటికి వెళ్లాము. ఆమె కల్లములో మిరపకాయలు ఎండబోస్తున్నది. వరండా రాతి దగ్గర జరిగినది దాచకుండా చెప్పి, క్షమించుమని అడిగాము. ఆమె చాలాసేపు కాయలు తిరగేస్తూనే ఉన్నది. తరువాత, "మా అమ్మ చచ్చిపోయేదాకా ఆ రాయి దగ్గర ఆగి చెయ్యి పెట్టి వెళ్లేది అయ్యగారూ. తన పేరే అనుకుంది" అన్నది. మాకు మాట రాలేదు. మరి కొంతసేపటికి ఆమె తానే, "ఆమెకు చదువు రాదు గాని ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే వీధి చివరనుండైనా పలికేది. ఆ యంత్రములో నేను పిలుస్తాను" అన్నది.

మొదటి రికార్డు ఆమెదే. మా ఫోనులోనే చేశాము. వెనుక కల్లములో కాయలు గలగలలాడుట, మధ్యలో ఆమె ఒకసారి తుమ్ముట కూడా వినబడుచున్నవి. వాటిని తీసివేయవద్దని చెప్పాము.

ప్రియ పాఠకులారా, మీ మందిరములోనూ ఒక రాతి పలక ఉండవచ్చును. ఈ ఆదివారము ఆరాధన తరువాత దాని ఎదుట నిలిచి, ఇందులో ఎవరు లేరు అని మీ సంఘములోని వృద్ధులను అడగండి. వారు పోకముందే ఆ పేర్లు వ్రాసుకొనండి. ప్రభువు మీకు సహాయము చేయును గాక.